నడిరోడ్డు మీద రొట్టెల పొయ్యి

మా అవ్వ జయశీలమ్మకు ప్రపంచంలో రెండే పనులు బాగా వచ్చు. ఒకటి ప్రార్థన చేయడం, రెండోది జొన్న రొట్టె తట్టడం. రొట్టె ఎంత పల్చగా ఉంటుందో ప్రార్థన అంత పొడుగ్గా ఉంటుంది. అన్నానికి ముందు ఆమె కళ్ళు మూసుకుందంటే, ఆమేన్ అనేసరికి పప్పు మీద పొర కట్టేది. మేము మెల్లగా గిన్నెలోకి చెయ్యి పోనిస్తే, కళ్ళు తెరవకుండానే ఆ చేతి మీద సరిగ్గా కొట్టేది. దేవుడితో మాట్లాడుతూ మమ్మల్ని ఎలా చూసేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఆమె మిషన్ బోర్డింగులో ఐదు దాకా చదివింది. అయినా ఇంట్లో చదువుకున్న మనిషి తానేనని ఆమె లెక్క. నేను వాక్యం చదువుతూ తడబడితే, "గ్లోరియా, నీకంటే మన కోడిపుంజు నయమే. అది కూసేది కొంచెమైనా తప్పు లేకుండా కూస్తాది" అనేది.

మాది కురుగోడుకూ బళ్ళారికీ నడుమ ఒక చిన్న ఊరు. మా సంఘంలో మిషనరీ దొరల కాలం నుంచి ఒక అలవాటు ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగించిన ప్రతిసారీ పిడికెడు గింజలు తీసి పక్కన కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ గింజలు గుడికి, అంటే మా చర్చికి, తేవాలి. ఆ కుండలను చూసిరావడం అవ్వ పని. ఎవరూ ఆమెకు అప్పగించలేదు, తానే తీసుకుంది. చెప్పకుండా ఇళ్ళల్లోకి పోయి మూత ఎత్తి, "ఇది పిడికిలా, చిటికెనా?" అని అడిగేది. ఆమె వస్తోందని తెలిస్తే ఆడవాళ్ళు గబగబా రెండు పిడికిళ్ళు ఎక్కువ వేసేవాళ్ళు.

అది ఇనుప రాయి కాలం. గుట్టలు తవ్వి ఓడల్లో చైనాకు పంపుతున్నారు. పెద్దరోడ్డు గుంతలు పడి పాడైపోతే టిప్పర్లు మా ఊరి దారి పట్టాయి. గడ్డం మొలిచిన ప్రతివాడూ డ్రైవరో క్లీనరో అయ్యాడు. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఒకదాని వెనక ఒకటి. ఆ ఎర్రదుమ్ము దేన్నీ వదల్లేదు. మా ఊళ్ళో తెల్లకోడి అన్నది లేకుండా పోయింది. గుడికి క్రిస్మసుకు వేసిన సున్నం ఈస్టరుకల్లా ఇటుక రంగుకు వచ్చేది. కొన్నాళ్ళకు మాకు ఆ ఎరుపు కనపడడం కూడా మానేసింది.

ఏటా చలికాలం మొదలవగానే కాశ్మీరు నుంచి నజీర్ వచ్చేవాడు. సైకిలు మీద శాలువల మూట కట్టుకుని బళ్ళారి చుట్టూ ఊళ్ళన్నీ తిరిగేవాడు. మా ఊరికి వచ్చిన రోజు గుడి వరండాలో పడుకుని, అవ్వ చేతి రొట్టె తినేవాడు. ఏళ్ళ తరబడి రావడంతో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి ఒక కొత్త భాష తయారుచేసుకున్నాడు. అది అవ్వకు బాగా అర్థమయ్యేది.

రెండువేల ఐదులో దసరా దినాల్లో కాశ్మీరులో భూకంపం వచ్చింది. ఆ ఏడు నజీర్ కాస్త ముందుగానే బళ్ళారికి వచ్చి ఉన్నాడు. ఒక సాయంత్రం మూట లేకుండా, సైకిలు లేకుండా మా ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. రంజాను ఉపవాసంలో ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏందప్పా నజీరప్పా, ఊరికే వచ్చినావే? మూట యాడ?" అంది అవ్వ.

"ఊరికి పోతున్నా అమ్మా. ఇల్లు పడిపోయింది. అమ్మ ఉంది. చెల్లెలు, పిల్లలు ఉన్నారు. ఊరు..." అని అరచెయ్యి నేల మీద పరిచి చూపించాడు.

"మరి మీ అమ్మ యాడ పండుకుంటాండాది?"

"చెట్టు కింద."

"తినేదానికి?"

అతను నేల మీద పరిచిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇలాంటప్పుడు అవ్వ వెంటనే కళ్ళు మూసుకుంటుంది. నేను కూడా కాళ్ళు నొప్పి పుట్టకుండా ముందే సర్దుకుని కూర్చున్నాను. అవ్వ కళ్ళు మూసుకోలేదు.

"ఎట్ల పోతావు?"

"ఆపిల్ దించిన లారీ ఉంది. శుక్రవారం ఖాళీగా వాపసు పోతుంది. డ్రైవరు సర్దార్జీ రమ్మన్నాడు."

"ఖాళీగా ఎందుకు పోవల్ల? మా ఊరి మీదనే రమ్మను. రొట్టెలు ఇస్తా."

"ఎన్ని అమ్మా?"

"రొట్టెలు లెక్కపెట్టరాదప్పా. నువ్వు లారీ తీసుకోని రా, అంతే."

ఆమె ఆ మాట ఎందుకు అంత ధీమాగా అందో చెప్పాలి. మా వైపు పెళ్ళి కుదిరితే మొదట మొదలయ్యేది రొట్టెల పనే. కేరిలో, అంటే మా వాడలో, ఆడవాళ్ళందరూ ఎవరి పెనం వాళ్ళు చంకన పెట్టుకుని పెళ్ళింటికి వస్తారు. పల్చగా తట్టి, కాల్చి, ఎండలో ఆరబెడితే అవి అప్పడాల్లా గట్టిపడతాయి. కటక్ రొట్టెలంటాం. నెల రోజులైనా చెడిపోవు. గంపలో పడ్డవాటిని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెడితే తరిగిపోతాయని నమ్మకం. ఊరి మొత్తానికి రొట్టెలు చేయించిన మనిషికి ఒక లారీ పెద్ద విషయంగా కనపడలేదు.

మరుసటి పొద్దున అవ్వ పాస్టరు నెహెమ్యా అయ్యగారి దగ్గరికి పోయి, పిడికెడు జొన్నలు దాచిన గది తాళంచెవి అడిగింది.

"అవి క్రిస్మసుకు మైకు సెట్టు కొనేదానికి గదా జయశీలమ్మా?" అన్నాడాయన.

"నా గొంతు చాలదా అయ్యగారూ?"

చాలుతుందని ఆయనకు బాగా తెలుసు. తాళంచెవి ఇచ్చేశాడు.

జొన్నలు మిల్లుకు పోయి పిండై వచ్చాయి. గుడి ముందర పొయ్యిలు లేచాయి. మా సంఘం వాళ్ళే వస్తారనుకుంటే, వెనక వీధి అంజినమ్మ తన పెనం ఎత్తుకుని వచ్చింది. ఊళ్ళో అవ్వకు సమంగా రొట్టె తట్టగలిగింది ఆమె ఒక్కతే. అందుకని ఇద్దరికీ ఒకరి రొట్టె ఒకరికి నచ్చదు.

"నిన్నెవరు పిలిచినారే అంజినీ?"

"భూకంపం మీ యేసయ్యకేనా, మా హనుమప్పకు లేదా? జరుగు అక్కా. నీ రొట్టెలు పల్చగా ఉంటాయని పేరే గానీ, పిండి తక్కువ పెడతావని నాకు తెల్దా?"

"నీ రొట్టె పైకప్పుకు పరిస్తే వాన కారదు. అంత మందం."

ఇలా తిట్టుకుంటూనే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గురువారం మధ్యాహ్నానికి గుడి మిద్దె మీద తెల్ల చీరలు పరిచి, వాటి నిండా రొట్టెలు ఆరబెట్టారు. మా తాతల కాలం నుంచి ఏ రొట్టెలైనా ఎండేది అక్కడే. ఊళ్ళో అంత ఎండ, అంత గాలి ఇంకెక్కడా ఉండవు. ఆ మిద్దె రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. టిప్పర్లు పోతూనే ఉన్నాయి. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

సాయంత్రం నజీర్ చూడడానికి వచ్చాడు. మిద్దె ఎక్కి, చీరల మధ్య నడుస్తూ అన్ని రొట్టెలనూ చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తిరిగి పెట్టాక వేళ్ళు చూసుకుని, మేము చూడకుండా పైజామాకు తుడుచుకున్నాడు. అవ్వ చూసేసింది.

"ఏందది?"

"ఏం లేదమ్మా. కొంచెం దుమ్ము. తుడుచుకుని తింటారు, పరవాలేదు."

అవ్వ ఒక రొట్టె ఎత్తింది. దాని కింద చీర తెల్లగా, గుండ్రంగా కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది. ఇంకొకటి ఎత్తింది, అక్కడా అంతే. వేలితో రొట్టెను రుద్ది నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. ఆమె ముఖం అలా మారడం నేను మా తాత పోయినరోజు కూడా చూడలేదు.

"ఇంటి కింద పడి మట్టి తిన్నోళ్ళకు నేను మళ్ళీ మట్టి పంపిస్తానా?" అంది.

"పొద్దు వాలుతాండాదక్కా. రేపు సాయంత్రం లారీ వస్తాది. ఏం చేస్తాం?" అంది అంజినమ్మ.

"మళ్ళీ తడతాం."

"జొన్నలు యాడుండాయి? అన్నీ అయిపోయె గదా?"

అవ్వ మిద్దె దిగి ఇంటికి పోయి, మా డబ్బాలో పిండి మొత్తం తెచ్చి గుడి ముందర పోసింది. అది చూసి అంజినమ్మ తన ఇంటికి పోయింది. చేటలో పిండి, దాని మీద ఇంకో మూట పెట్టుకుని వచ్చింది. చీకటి పడేలోగా కేరిలోని పిండి డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ రాత్రి మా ఊరంతా రాగి అంబలి తాగింది. మా నాన్న గొణిగాడు గానీ అవ్వకు వినపడేంత గట్టిగా గొణగలేదు.

పిండి దొరికింది. ఎండ కూడా దేవుడి దయవల్ల వస్తుంది. దుమ్ము మాట ఏమిటి? శుక్రవారం తెల్లవారగానే అవ్వ నన్ను లేపింది.

"గ్లోరియా, గుళ్ళో బల్ల ఆ కొస పట్టు."

"యాడికవ్వా?"

"రోడ్డుకు."

"రోడ్డు మీద ఎవరు కూర్చుంటారు?"

"నేను."

రోడ్డుకు అడ్డంగా బల్లలు వేశాం. నడిరోడ్డు మీద మూడు రాళ్ళు పెట్టి అవ్వ పొయ్యి వెలిగించింది. ఆమెను చూసి అంజినమ్మ, అంజినమ్మను చూసి మిగతావాళ్ళు. చూస్తుండగానే రోడ్డు పెళ్ళిల్లు అయిపోయింది. పెళ్ళికొడుకు మాత్రం లేడు. పెద్దగా హారను కొట్టుకుంటూ మొదటి టిప్పరు వచ్చింది. అందులోంచి దిగినవాడు అంజినమ్మ కొడుకు హొన్నూరుస్వామి.

"పెద్దమ్మా, ఏందిది? తప్పుకోండి, ట్రిప్పు పోతాది!"

"యాడికప్పా ట్రిప్పు?"

"చైనాకు!"

"చైనా యాడికీ పోదులే నాయనా, ఆడనే ఉంటాది. రొట్టెలు ఎండనీ."

వాడు తన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు."

అంజినమ్మ తల ఎత్తలేదు. "నిన్న నీ బండే గదరా, మా రొట్టెల మీద దుమ్ము చల్లి పోయింది? పో, నీడలో కూర్చో."

టిప్పర్లు కాలువ వంతెన దాకా ఆగిపోయాయి. హారన్లు ఊరిని పగలగొట్టేలా ఉన్నాయి. అప్పుడు అవ్వ తన దగ్గరున్న ఇంకో విద్య బయటికి తీసింది. పిండి చేతులు ఎత్తి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ముందు కాశ్మీరుకు, తర్వాత ఊరికి, ఆ తర్వాత ఒక్కొక్క డ్రైవరు తల్లికి, వాళ్ళ బ్రేకులకు. ప్రార్థన జరిగేటప్పుడు హారను కొట్టడానికి ఒకడికి చెయ్యి రాలేదు. ఇంజను ఆపేశాడు. వాడిని చూసి ఇంకొకడు. ఆమేన్ అనేసరికి రోడ్డంతా సద్దు లేకుండా ఉంది. అవ్వ ప్రార్థన పొడుగును నేను జీవితంలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఎండ ఎక్కింది. డ్రైవర్లు దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒకడు వాసనకు ఆగలేకపోయాడు.

"అవ్వా, ఒక రొట్టె ఇయ్యి. ఆకలైతాండాది."

"ఇవి భూకంపం రొట్టెలు. నీ ఇల్లేమన్నా కూలిందా?"

"కూలలేదు గానీ, కూలేట్టుగానే ఉండాది అవ్వా."

ఆడవాళ్ళు నవ్వారు. అవ్వ నవ్వలేదు. "గ్లోరియా, నిన్నటి గంప పట్టుకోని రా" అంది. తెచ్చాను. "ఇవి నిన్న చేసినవి. మీ దుమ్మే. మీరే తినండి."

వాళ్ళు మొహమాటంగా తీసుకున్నారు. రాయచూరువాడు కొరికాడు. పళ్ళ మధ్య కరకరమంది. నమలడం ఆపి, రొట్టెను తిప్పి చూశాడు. ఉమ్మడానికి సిగ్గుపడి మింగేశాడు. ఆ తర్వాత ఎవరూ ట్రిప్పుల గురించి మాట్లాడలేదు.

మోటారు సైకిలు మీద టిప్పర్ల సూపర్వైజరు సుబ్బరామి వచ్చాడు. "ఏందమ్మా ఇదంతా? ఈ రోడ్డు సర్కారుది. మీ ఇంటిది కాదు."

"సర్కారుదే సుబ్బరామప్పా" అంది అవ్వ, రొట్టె తిప్పుతూ. "రోడ్డు సర్కారుది, దుమ్ము మీది. నీ దుమ్ము నువ్వు తీసుకోని పో, సర్కారు రోడ్డు సర్కారుకు ఇచ్చేస్తా."

"పోలీసులను పిలుస్తా."

"పిలువప్పా. వాళ్ళు కూడా తడతారేమో చూస్తాం. చేతులు తక్కువ పడినాయి."

అతను ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. మాట్లాడుతూ అటు ఇటు నడిచి, మిద్దె వైపు చూశాడు. అక్కడ ఆరుతున్న కొత్త రొట్టెల చుట్టూ ఆ రోజు చీరలు తెల్లగా ఉన్నాయి. ఫోను జేబులో పెట్టుకుని, "ఎంతసేపు?" అన్నాడు.

"ఎండను అడుగు."

బల్ల మీద ఒక కొసన కూర్చున్నాడు. అంజినమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. దాంట్లో ఉప్పు వెయ్యలేదు. అది ఆమె పెట్టిన శిక్ష.

పొద్దు వాలాక ఒక పెద్ద చిక్కు తెలిసింది. రావలసిన ఆపిల్ లారీ ఎంతకీ రాలేదు. అవ్వ దారి వైపు చూస్తూ, "సర్దారు మాట తప్పినాడా?" అని మూడుసార్లు అడిగింది. కాసేపటికి నజీర్ చెమటలు కక్కుతూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. లారీ ఎప్పుడో వచ్చిందట. టిప్పర్ల వరుసలో చివరిది అదే. కాలువ అవతల ఇరుక్కుపోయి ఉంది. తన రొట్టెల లారీని తానే ఆపేసిన ఘనత మా అవ్వది. నేను నవ్వితే పిండి చేత్తో ఒకటి వేసింది.

హొన్నూరుస్వామి లేచాడు. క్లీనర్లను కేకేసి, టిప్పర్లన్నిటినీ ఒకవైపుకు జరిపించి లారీని గుడి ముందరికి తెప్పించాడు. రొట్టెలను కొత్త గోనె సంచుల్లోకి ఎక్కించాం, వాటితో నంజుకోవడానికి గురెళ్ళ కారం పొట్లాలు కూడా. అన్నీ ఎక్కాక అవ్వ పైకి చూసింది. లారీకి కప్పు లేదు. "దారి పొడుగునా దుమ్ము పడదా?" అంది. మళ్ళీ అదే ముఖం.

హొన్నూరుస్వామి తన టిప్పరు వెనక నుంచి ఒక టార్పాలిన్ లాక్కొచ్చాడు. రాయి మీద కప్పాలని ప్రతి టిప్పరుకూ ఒకటి ఇస్తారు. ఎవరూ కప్పరు. చెక్‌పోస్టులో చూపించడానికి మడత విప్పకుండా దాచుకుంటారు. కొత్తగా, మందంగా ఉంది. సంచుల మీద పరుస్తుంటే నజీర్ దాని అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"అన్నా, ఇది మళ్ళీ వాపసు పంపించాలా?"

"యాల?"

"ఇంకో నెలకు మంచు పడుతుంది. దీని కింద మా అమ్మ, చెల్లెలు, పిల్లలు అందరూ పట్టిపోతారు."

హొన్నూరుస్వామి సుబ్బరామి వైపు చూశాడు. సుబ్బరామి మజ్జిగ గ్లాసు వైపు చూశాడు. అవ్వ సుబ్బరామి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పిడికిలి కుండ మూత ఎత్తినప్పటి చూపు అది.

"చినిగిపోయినాయని చెప్తాలే" అన్నాడు సుబ్బరామి, లేచి బండి దగ్గరికి పోతూ. "తొందరగా కానీయండి."

అంతే, క్లీనర్లు టిప్పర్ల వెనక్కి ఎగబాకారు. రాయచూరువాడు తనది తెచ్చి వేస్తూ, "అవ్వా, ఇంగ నా ఇల్లు కూలితే నువ్వే చూసుకోవల్ల" అన్నాడు. "రా నాయనా, రొట్టె పెడతా" అంది అవ్వ. ఆ రోజు ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

నజీర్ ఉపవాసం విడవడానికి ఖర్జూరాలు, రెండు మెత్తటి రొట్టెలు వేరే గుడ్డలో కట్టి ఇచ్చింది. తర్వాత లారీ ముందుభాగం మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. సర్దార్జీ ఇంజను ఆన్ చేసే ఉంచాడు. కాసేపటికి డీజిలు గుర్తొచ్చి ఆపేశాడు. ఇంకాసేపటికి కిటికీ మీద గడ్డం ఆనించుకుని ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు. నిద్రో భక్తో తెలియదు.

మరుసటి రోజు నుంచి దుమ్ము మామూలే. ఒక్క రోజు రోడ్డు ఆపినంత మాత్రాన గుట్టలు తవ్వడం ఆగదు. కానీ మా ఊరి డ్రైవర్లు గుడి దగ్గరికి వచ్చేసరికి బండి నెమ్మది చేసేవాళ్ళు. అవ్వ మిద్దె మీద ఉందో లేదో చూసి మరీ పోయేవాళ్ళు.

నజీర్ ఆ చలికాలం రాలేదు. పై ఏడు వచ్చాడు. మూట దించకముందే చెప్పడం మొదలుపెట్టాడు. టార్పాలిన్లు కర్రల మీద కట్టుకుని, ఒక్కొక్కదాని కింద రెండేసి కుటుంబాలు మంచుకాలం గడిపాయట. రొట్టెలను ఉప్పు టీలో నానబెట్టుకుని తిన్నారట. చివరి సంచి అయిపోయేసరికి రోడ్డు తెరిచి సర్కారు బియ్యం వచ్చాయట. ఇప్పుడు రేకుల కప్పుతో కొత్త ఇల్లు లేచింది.

"టీలో ఉప్పా?" అంది అవ్వ. మిగతాదంతా విని కళ్ళు తుడుచుకున్న మనిషికి అది మాత్రం మింగుడు పడలేదు.

అతను సంచిలోంచి ఒక పొడుగాటి ఉన్ని అంగీ తీశాడు. మెడ నుంచి పాదాల దాకా ఉంది. ఛాతీ మీద ఆకుపచ్చ దారంతో ఆకులు, పూలు కుట్టి ఉన్నాయి. ఫిరన్ అంటారట. టార్పాలిన్ కింద కూర్చుని, ఆ మంచులో వాళ్ళమ్మ కుట్టింది. అవ్వ కొలత ఆమెకు తెలియదు కాబట్టి, రోడ్డు ఆపిన మనిషి అనగానే చాలా పెద్దగా ఉంటుందనుకుని కుట్టింది. అందులో ఇద్దరు అవ్వలు పడతారు.

ఏప్రిల్‌లో ఈస్టరు వచ్చింది. బళ్ళారి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. అవ్వ చీర మీద ఆ ఫిరన్ వేసుకుని, అంచు నేల మీద ఈడ్చుకుంటూ గుళ్ళోకి వచ్చింది. బిషపుగారు వచ్చారనుకుని నెహెమ్యా అయ్యగారు లేచి నిలబడ్డారు. ఆమె ముందు వరుసలో కూర్చుంది. చెమట నుదుటి మీద నుంచి గడ్డం దాకా కారుతోంది. నేను పాటల పుస్తకంతో విసురుతూ, "తీసెయ్యవ్వా, చచ్చిపోతావు" అన్నాను.

"నోరు ముయ్యి" అంది. "నాకు చలి పెడతాండాది."